దొన్నెలో పెద్ద ముద్ద

బళ్ళారి,
జూలై 2007

దయప్పకు, నీ శ్రీనివాసులు రాసేది.

ఫోన్ చేస్తే నీ చెవికి సగం వినపడదు. వినపడని సగానికి "అట్లనా, మంచిది" అనేస్తావు. పోయిన నెల మా వియ్యంకుడికి గుండె ఆపరేషన్ అని చెబితే కూడా అదే అన్నావు. అందుకని ఇకమీదట నీకు జాబులే రాయాలని తీర్మానించుకున్నాను. మిషన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చీటీలు రాసుకున్నవాళ్లం, మనకిది కొత్తేమీ కాదు.

నువ్వు రిటైరై దేశనూరులో స్థిరపడ్డాక బళ్ళారి గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. రోడ్డెక్కితే గనుల లారీలే, ఎర్రదుమ్మే. పొద్దున ఇంటినుంచి బయలుదేరిన తెల్లావు సాయంత్రానికి ఎర్రావుగా తిరిగొస్తోంది. నిన్నటిదాకా సైకిల్ తొక్కినవాడు ఇవాళ కారు దిగి, ధర అడక్కుండా ఐస్‌క్రీమ్ తింటున్నాడు. మా అబ్బాయి శరణ్ ఇదే అదనని మన పాత కొట్టు పడగొట్టి రెండంతస్తులు కడుతున్నాడు. లారీలున్న ఒకాయన వాడితో భాగం కలిశాడు. దసరాకు తెరుస్తారు. ఏసీలూ, తెల్ల సోఫాలూ, గోడంతా అద్దాలూ. ఇందులో నా మాట చెల్లినవి రెండే. ఒకటి, కొట్టు పేరు మార్చకపోవడం. రెండోది, తలుపు పక్కన ఒక గాజు బీరువా.

ఆ బీరువా సంగతి చెప్పడానికే ఈ జాబు. మన కొట్టులో ఐస్‌క్రీమ్‌ను ఏ కాలంలో దేంట్లో పెట్టి ఇచ్చామో అన్నీ వరుసగా అందులో పెడుతున్నాను. మొదట మా నాయన బసవపున్నయ్య తిప్పిన చెక్క బకెట్టు. గుంతకల్లు నుంచి రైల్లో రంపపు పొట్టు కప్పుకుని వచ్చే ఐసుగడ్డ, దాన్ని కొట్టే సుత్తి, రాళ్లుప్పు, ఆ గరగర చప్పుడు నీకు గుర్తుందా? తర్వాత కాలున్న గాజు కప్పులు. మద్రాసు నుంచి తెప్పించినవాటిలో ఒక్కటి మిగిలింది. దాని పక్కన మోదుగాకు దొన్నె. ఆ తర్వాత కోను, ఆ తర్వాత కాగితపు కప్పు, అందులోకి చదునైన చెక్క చెంచా, చివరికి ప్లాస్టిక్. ఒక్కోదాని కింద ఒక్కో కార్డు. నువ్వు తెలుగు మాస్టరువి కాబట్టి దిద్ది పంపాలి. దొన్నె కింద ఇట్లా రాశాను: "బసవపున్నయ్య గారి కుమారుడు శ్రీనివాసులు, ఆయన మిత్రుడు దయాసాగర్ చిన్ననాడు ఎంతో ఇష్టంగా తిన్న దొన్నె." ఎట్లా ఉంది?

ఇంకొకటి. తెరిచిన రోజు మొదటి ఐస్‌క్రీమ్ ఆ గాజు కప్పులో నీకే ఇవ్వాలి. కొట్టుకు నీకంటే పాత గిరాకీ బతికి లేడు. మీ ఇంటావిడ యూనీస్‌నూ, మీ అక్క కృపమణినీ వెంటబెట్టుకుని రా.

నీ,
శ్రీనివాసులు

*

దేశనూరు,
ఆగస్టు 2007

ప్రియమైన శ్రీనివాసులుకు వందనాలు.

నీ జాబు చేరింది. మీ వియ్యంకుడి విషయంలో నేను అన్నమాటకు ఆయన్ను క్షమించమని చెప్పు. ఈ చెవి ఎవరి మీద పగబట్టిందో తెలియదు.

కాలువకు నీళ్లు వచ్చాయి, నాట్లు మొదలయ్యాయి. మాకున్న కొద్దిపాటి మడి యూనీస్ పుట్టింటివారిది. కూలీలను పిలవడం, వాళ్లకు బువ్వ మోయడం, ఈ వయసులో నేర్చుకున్నాను. మోకాలు నొప్పి అట్లాగే ఉంది. దసరా సమయానికి చర్చిలో కూడికలు కూడా పెట్టుకున్నారు. కాబట్టి నేను రావడం కుదరదనే అనుకుంటున్నాను. శరణ్‌కు నా ఆశీస్సులు చెప్పు. వాడు కష్టపడే పిల్లవాడు.

కార్డుల్లో తప్పులు పెద్దగా లేవు. కోనుకు దీర్ఘం ఉంచు, చెంచాకు సున్న మరిచావు. దొన్నె మాత్రం బీరువాలో పెట్టకపోతే మంచిదని నాకనిపిస్తోంది. ఆకు కదా, వారం తిరక్కుండా ఎండి ముడుచుకుంటుంది. చూడ్డానికి బాగుండదు. గాజు కప్పు, కోను, కాగితపు కప్పు చాలు.

నీ,
దయాసాగర్

*

బళ్ళారి,
ఆగస్టు 2007

దయప్పకు,

మోకాలు నొప్పి అయితే కారు పంపిస్తాను. చర్చి కూడికలైతే మీ పాస్టరుకు నేనే జాబు రాస్తాను. నాట్లంటావా, దసరానాటికి నీ మడిలో పైరు మోకాలెత్తు లేస్తుంది, నువ్వు నిలబడి చూడకపోయినా పెరుగుతుంది. నీ సాకులన్నీ పిల్లకాయలు హోంవర్కు చేయనప్పుడు చెప్పేవే. ఇన్నేళ్లు అవి విని విని నీకే అంటుకున్నాయి.

దొన్నె ఎండుతుందని బెంగ వద్దు. బజార్లో విస్తర్లు కుట్టే మారమ్మతో మాట్లాడాను. వారానికొకటి పచ్చిది కుట్టి ఇస్తానంది. దొన్నె లేకుండా ఆ బీరువాకు అర్థమేముంది? నాకు ఐస్‌క్రీమ్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ మోదుగాకు వాసనే. లోపల బల్లల మీద గాజు కప్పుల్లో పెద్దవాళ్లు తింటుంటే, నువ్వు బయట మెట్టు మీద దొన్నె పట్టుకుని కూర్చునేవాడివి. నాకేమో కప్పు ఇచ్చేవారు. నాకూ దొన్నే కావాలని ఏడ్చి సాధించుకుని నీ పక్కన వచ్చి కూర్చున్నాను. అడుగున ఆకు ఈనెల్లో ఇరుక్కున్నది నాలుకతో తీయడంలో నీకెవరూ సాటి లేరు.

మా అమ్మ చాదస్తం కూడా మరిచిపోలేదు. నీతో కూర్చుని తిని ఇంటికి పోయానంటే చాలు, దొడ్డివాకిట్లోనే నిలబెట్టి చొక్కా విప్పించి తలమీద వేణ్ణీళ్లు పోసేది. ఐస్‌క్రీమ్ తింటే జలుబు చేస్తుందని ఆమెకు అంత భయం. మీ అక్కయ్య అయితే ఇంకా విచిత్రం, ఐస్‌క్రీమే ముట్టదు. పళ్లు జివ్వుమంటాయేమో పాపం. ఈసారి ఆమెకు మెత్తటిది, చలి తగ్గించి ఇప్పిస్తానని చెప్పు.

కార్డులు రంగుతో రాయడానికి పెయింటరు వచ్చే వారం వస్తాడు. నువ్వు సరే అన్నావనే అనుకుంటున్నాను.

నీ,
శ్రీనివాసులు

*

దేశనూరు,
సెప్టెంబరు 2007

ప్రియమైన శ్రీనివాసులుకు,

పెయింటరు వచ్చేలోపు ఇది నీకు చేరాలని నిన్ననే రాయడం మొదలుపెట్టాను. రెండు కాగితాలు చించేసి మూడోదాని మీద రాస్తున్నాను.

మీ అమ్మగారు వేణ్ణీళ్లు పోసింది జలుబుకు కాదు. కొట్టు లోపల కూర్చుని గాజు కప్పులో తిన్న రోజు నీకు ఎప్పుడైనా స్నానం చేయించిందేమో గుర్తు చేసుకో. నాతో కూర్చున్న రోజునే చేయించేది. మా తాత మిషన్‌లో చేరి ఎంత కాలమైనా, మా నాయన చర్చిలో వాక్యం చదివేవాడైనా, బజారుకు మేము పాత వాడ మనుషులమే. ఇది నాకు ఏడెనిమిదేళ్లకే తెలుసు. నీకు అరవై దాటినా తెలియలేదంటే నాకు కోపం రాలేదు, ఆశ్చర్యమే వేసింది. మీ ఇంట్లో ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు మరి.

నేను మెట్టు మీద కూర్చున్నది నాకిష్టమై కాదు. మెట్టు దాటి మేము లోపలికి రాకూడదు. కప్పు అయితే కడగాలి. మేము నోరు పెట్టిన కప్పును కడిగేవాళ్లు మీ కొట్టులో లేరు, కడిగినా మళ్లీ అందులో తినేవాళ్లు బజారులో లేరు. దొన్నె అయితే తిన్నవాళ్లమే పారేసి పోతాం. నీ బీరువాలో గాజు కప్పు తర్వాత దొన్నె అని వరుస పెట్టావు. అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చినవి కావు శ్రీనివాసులూ. రెండూ ఒకే రోజున, ఒకే బకెట్టులోంచి, ఒకే గరిటెతో వచ్చేవి.

మా అక్కకు పళ్లు జివ్వుమనవు. ఈ వయసులో కూడా చెరుకు కొరికి తింటుంది. ఆమె నర్సు ట్రైనింగులో చేరిన కొత్తలో, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని మీ కొట్టుకు వచ్చింది. గాజు కప్పులో ఇమ్మని అడిగింది. మీ నాయన కోప్పడలేదు. నవ్వుతూ, "దొన్నెలోనే తినమ్మా, నీకు పెద్ద ముద్ద ఏస్తా" అన్నాడు. ఆయన ఎప్పుడూ దొన్నెల్లో పెద్ద ముద్దే వేసేవాడు, అది అబద్ధం కాదు. ఆ రోజు కూడా వేశాడు. అక్క అందుకోలేదు. నా చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె ఐస్‌క్రీమ్ నోట పెట్టలేదు.

తర్వాత కోన్లు వచ్చాయి. కప్పులు కడిగే పని తప్పుతుందని మీ నాయన తెప్పించాడు. తినేసేదానికి ఎంగిలి ఏముంది? అందరి చేతికీ అదే కోను వచ్చింది. ఎవరి మనసూ మారకుండానే మేమూ మీ బల్లల దగ్గరికి వచ్చి కూర్చున్నాం. కోను తయారు చేసినవాడెవడో గానీ, మా పాస్టర్లూ మీ నాయకులూ చేయలేనిది వాడు చేశాడు.

నీ మీద నాకు ఏ నిష్ఠూరమూ లేదు. కప్పు వద్దని ఏడ్చి నా పక్కకు వచ్చి కూర్చున్నవాడు బజారు మొత్తానికి నువ్వొక్కడివే. అందుకే ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదు. కానీ ఆ దొన్నె కింద "ఇష్టంగా" అనే మాట పక్కన నా పేరు ఉండకూడదు. అది మాత్రం నేను ఒప్పుకోలేను.

నీ,
దయాసాగర్

*

బళ్ళారి,
అక్టోబరు 2007

గౌరవనీయులైన దయాసాగర్ గారికి,

మీ జాబు అందింది. కార్డు తీయించేశాను.

మా నాయన పోయి ముప్పై ఏళ్లు దాటింది, ఆయన వచ్చి జవాబు చెప్పుకోలేడు. ప్రతి క్రిస్మసుకూ మీ చర్చి పిల్లలకు డబ్బా నిండా ఐస్‌క్రీమ్ ఊరికే పంపినవాడు ఆయనే. ఆ సంగతి మీ జాబులో ఎక్కడా కనపడలేదు. కాలం అట్లాంటిది, అందరూ చేసిందే ఆయనా చేశాడు. ఇన్నేళ్ల తర్వాత తవ్వి తీయడం వల్ల ఎవరికి లాభమో నాకు అర్థం కాలేదు.

కొట్టు విజయదశమి రోజు తెరుస్తున్నారు. ఆహ్వానపత్రిక జతచేశాను. రావడం, రాకపోవడం మీ ఇష్టం.

ఇట్లు,
శ్రీనివాసులు

*

దేశనూరు,
అక్టోబరు 2007

శ్రీనివాసులూ,

నన్ను "మీరు" అనకు. తిట్టాలంటే "నువ్వు" అనే తిట్టు, పడతాను.

క్రిస్మసు ఐస్‌క్రీమ్ నాకు బాగా గుర్తుంది. ఎదురుచూసేవాళ్లం. డబ్బా మీ వాళ్లు చర్చి గేటు దగ్గర దించి వెళ్లేవారు, ఖాళీ డబ్బా మాత్రం తిరిగి తీసుకునేవారు కాదు. మా ఇంట్లో చాలాకాలం బియ్యం పోసుకున్నాం. మీ నాయన మంచివాడే. ఆ మంచితనంతోనే మా అక్కను వాకిట్లోంచి పంపించాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండినాయని చెప్పడమే నా ఉద్దేశం.

ఇంత రాశాను కాబట్టి మిగిలిందీ రాసేస్తాను. మా పెళ్లికి వచ్చావు, సోడా తాగి పని ఉందని వెళ్లిపోయావు. మా అబ్బాయి కెన్నెత్ బాప్తిస్మానికి వచ్చావు, అరటిపండు ఒలుచుకుని తిన్నావు. మూత తీయని సోడా, తొక్క తీయని పండు. నేనూ చూశాను, యూనీసూ చూసింది. నీకు ఇబ్బంది కలగకూడదని తర్వాత్తర్వాత మేమే అవి తెచ్చి సిద్ధంగా పెట్టేవాళ్లం. మా ఇంట్లో నువ్వు అన్నం తిన్న రోజు ఏదైనా నీకు గుర్తుంటే రాయి. నాకు గుర్తు లేకపోయి ఉంటే నా తప్పే అని ఒప్పుకుంటాను.

కొట్టు బాగా నడవాలని కోరుకుంటూ,
దయా

*

బళ్ళారి,
ఫిబ్రవరి 2008

దయప్పా,

నాలుగు నెలలు నీకు రాయలేదు. మొదటి నెల కోపం. మిగిలిన మూడు నెలలూ ఏం రాయాలో తెలియక. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మా ఇంటావిడ పంపమ్మ, "రాస్తే రాయి, లేకుంటే లేచి పప్పు రుబ్బుపో" అని కసిరేది. పప్పు రుబ్బడమే సులువుగా ఉండింది.

కొట్టు తెరిచారు. నువ్వు రాలేదు. గాజు కప్పులో మొదటి ఐస్‌క్రీమ్ లారీల భాగస్తుడు తిన్నాడు. కొట్టు బాగా నడుస్తోంది. నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతారు, డబ్బు మాత్రం మిషనే లెక్కపెడుతుంది.

పోయిన వారం మధ్యాహ్నం నింగమ్మ అనే ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. గనుల దగ్గర రాయి ఏరే పనట. తలనుంచి కాళ్లదాకా ఎర్రదుమ్ము, కనురెప్పల మీద కూడా. గోడమీది బొమ్మలో రెండు రంగుల ఐస్‌క్రీమ్ చూపించి, అట్లాంటి అద్దం కప్పులోనే కావాలంది. మా శరణ్ పరుగున వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదని నీకు తెలుసు. గొంతు తగ్గించి, "అక్కా, ఆ పక్క కిటికీ కాడికి రాండి. ఆడ మీకు పెద్ద స్కూపు ఏయిస్తా" అన్నాడు.

పక్కగోడకు ఒక కిటికీ పెట్టారని అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. లారీవాళ్లకూ, లోడింగు వాళ్లకూ అక్కడే ఇస్తారట, ప్లాస్టిక్ కప్పులో. ఆ ఆడవాళ్లు పోయి కిటికీ దగ్గర నిలబడ్డారు. నాకు ఏసీ కింద కూర్చుని చెమట పట్టింది. వాడు మాట్లాడింది నా కొడుకు గొంతుతోనే గానీ, నాకు వినపడింది నువ్వు రాసిన మా నాయన మాటే. వాడు నీ జాబు చదవలేదు. తాతను సరిగా చూడనైనా లేదు.

సాయంత్రం వాడిని అడిగాను. "కులం గిలం ఏం లేదు నాయనా, దుమ్ము ఒక్కటే. తెల్ల సోఫాలు, అంటుకుంటే పోతాదా? నువ్వు సుమ్నే ఊరకుండు" అన్నాడు. సోఫాలకు గుడ్డ కప్పించమన్నాను, రెక్సిన్ వేయించమన్నాను, లోపలే చెక్క కుర్చీలు నాలుగు వేయమన్నాను. భాగస్తుడు ఒప్పుకోడన్నాడు. కొట్టు వాళ్లిద్దరి పేరు మీద ఉంది. నేను ఓడిపోయాను. కిటికీ ఇంకా అక్కడే ఉంది. అది నీకు దాచకుండా చెప్పాలని రాస్తున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు వెతికాను. సోడా దొరికింది, అరటిపండు దొరికింది. వేరే ఏదీ దొరకలేదు. పంపమ్మను కూడా అడిగాను. ఆమె, "ఎవరూ వద్దనలేదే" అంది. అవును, ఎవరూ వద్దనలేదు.

కొట్టు మీద నా మాట చెల్లదు గానీ, నేను ఎక్కడ తినాలో నా ఇష్టమే కదా. వచ్చే ఆదివారం మీ చర్చి ముగిసే వేళకు సిరుగుప్ప బస్సులో వచ్చి దిగుతాను. మీ ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేస్తాను. మీ అక్కయ్యకు నేను వస్తున్నానని ముందే చెప్పు. ఆమె వద్దంటే ఒక కార్డు ముక్క రాయి, రాను.

నీ,
శ్రీనివాసులు

*

దేశనూరు,
ఫిబ్రవరి 2008

శ్రీనివాసులూ,

క్షేమంగా చేరావని తలుస్తాను. ఆ బస్సులో నీకు సీటు దొరికిందో లేదో అని యూనీస్ రెండు రోజులుగా అడుగుతోంది.

నువ్వు రాకముందు జరిగింది, పోయాక జరిగింది నీకు తెలియవు కాబట్టి రాస్తున్నాను. నీ జాబు అక్కకు చదివి వినిపించాను. నింగమ్మ సంగతి వచ్చిన చోట మళ్లీ చదవమంది. రావద్దని రాయమంటావా అని అడిగితే లేచి పోయి, పెరట్లో వంకాయలు చూసుకుంది. శనివారం యూనీస్ సిరుగుప్ప నుంచి విస్తరాకుల కట్ట తెచ్చింది, శెట్టిగారికి ఆకులో అయితే ఇబ్బంది ఉండదని. అక్క ఆ కట్ట తీసుకుని అటక మీదికి విసిరేసింది. "మన కంచంలోనే పెట్టు. తింటే తింటాడు, లేకుంటే బస్సు ఉండాది" అంది.

ఆమె నీ ఎదురుగానే ఎందుకు కూర్చుందో నీకు అర్థమయ్యే ఉంటుంది. కంచం ముందుకు జరిపినప్పుడు నువ్వు ఒక్క క్షణం దాని అంచు వైపు చూశావు. ఆమె నీ చెయ్యి వైపు చూసింది. ఇన్నేళ్ల స్నేహం ఆ ఒక్క క్షణంలో తేలిపోతుందనిపించి, భయపడ్డాను. నువ్వు రొట్టె తుంచి వంకాయ కూరలో అద్దావు. అక్క అప్పుడే తన కంచంలో చెయ్యి పెట్టింది. తర్వాత నీకు రెండోసారి కూర వేసింది, మూడోసారి అడక్కుండానే వేసింది. కారం ఎక్కువై నీ కళ్లు చెమర్చాయన్నావు. కారం మామూలుగానే ఉంది. నావీ తడిశాయి, నేను చెవి సాకు చెప్పి బయటికి పోయాను.

నిన్ను బస్సెక్కించి తిరిగొచ్చేసరికి అక్క బోరింగు దగ్గర గిన్నెలు తోముతోంది. మా ఇంట్లో తిన్న కంచం ఎవరిది వాళ్లే కడుక్కుంటారు. నువ్వు నీది కడగబోతే ఆమె లాక్కుంది చూడు, అది నీ మీద కోపంతోనని నేననుకున్నాను. కాదు. నీ కంచం తనే తోమి, కడిగి, గుడ్డతో తుడిచి, మా కంచాలతో కలిపి అరలో పెట్టింది. అట్లా పెడుతూ నావైపు చూసింది.

సాయంత్రం అన్నానికి కూర్చున్నప్పుడు యూనీస్‌కు సందేహం వచ్చి, "శ్రీనివాసులప్ప తిన్న కంచం యాది?" అని అడిగింది. అక్క అరలోంచి అన్నీ దించి ఒక్కొక్కటే తిప్పి చూసింది. అన్నీ ఒకే కొట్టులో కొన్న స్టీలు కంచాలు. ఏది నీదో ఆమెకు తెలియలేదు. పైనున్నది తీసుకుని అన్నం పెట్టుకుని తిన్నది.

దయా